అరవై ఫ్రేములూ వచ్చాయి, ఆట మాత్రం ఆగింది

2015 జూన్ 23న 'బ్యాట్‌మాన్: ఆర్కమ్ నైట్' అనే కంప్యూటర్ ఆట అమ్మకానికి వచ్చింది. తయారుచేసింది లండన్‌లోని రాక్‌స్టెడీ స్టూడియో. ప్లేస్టేషన్ మీద ఆడినవాళ్లు ఆ చీకటి నగరాన్నీ, వానకు తడిసి మెరిసే రోడ్లనూ చూసి మురిసిపోయారు. ఇంట్లో కంప్యూటర్ మీద ఆడినవాళ్లకు ఆ భాగ్యం దక్కలేదు. కారు వేగం అందుకుని మలుపు తిరిగేసరికి తెర ఒక్క క్షణం బిగుసుకుపోయేది, మళ్లీ కదిలేది, అంతలోనే మళ్లీ బిగుసుకునేది. మర్నాడే ప్రచురణ సంస్థ వార్నర్ బ్రదర్స్ కంప్యూటర్ వెర్షన్ అమ్మకాలను ఆపేసింది. అంత పెద్ద సంస్థ అంత పెద్ద ఆటను ఒక్క రోజులో అంగట్లోంచి వెనక్కి తీసుకోవడం అరుదు. ఆ వెర్షన్‌ను సిద్ధం చేసే పని షికాగోలోని ఐరన్ గెలాక్సీ అనే మరో సంస్థకు అప్పగించారన్న సంగతి అప్పుడు అందరికీ తెలిసింది. నాలుగు నెలలు మరమ్మతులు చేసి అక్టోబర్ 28న మళ్లీ అమ్మకానికి పెట్టారు. అప్పుడు కూడా విండోస్ 10 మీద కనీసం 12 జీబీ మెమరీ ఉంటేనే ఆట సాఫీగా సాగుతుందని ఒక గమనిక జోడించక తప్పలేదు. చివరికి, ఎన్ని గంటలు ఆడి ఉన్నా సరే, ఆ ఏడాది ఆఖరులోగా అడిగినవాళ్లకు డబ్బు వాపసు ఇస్తామన్నారు. ఈ ఉదంతంలో నన్ను ఆకర్షించేది వాపసు కథ కాదు. సెకనుకు 30 ఫ్రేములకు, అంటే తెర మీదకు వచ్చే 30 బొమ్మలకు, మించకుండా ఆ ఆటకు ముందే కళ్లెం వేసి విడుదల చేశారు. అప్పటి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులకు 30 ఫ్రేములు ఒక లెక్కలోవి కావు. అయినా ఆ కార్డులున్న ఇళ్లలోనూ ఆట తడబడింది.

ఆట తడబడగానే ఇంట్లో వినిపించే మొదటి మాట 'మన కంప్యూటర్‌కి అంత కెపాసిటీ లేదు' అని. రెండో మాట కొత్త కార్డు ధర. ఈ అధ్యాయంలో నా వాదన ఒక్కటే: తడబాటు చాలా సందర్భాల్లో శక్తికి సంబంధించిన లోపం కాదు, సమయపాలనకు సంబంధించిన లోపం. దాన్ని శక్తిని కొలిచే అంకెతో కొలిస్తే దొరకదు, శక్తిని కొనుక్కుంటే పోదు. లెక్క వేసి చూద్దాం. ఒక సెకనులో 60 బొమ్మలు తెర మీదకు వచ్చాయనుకోండి. సమంగా వస్తే ఒక్కొక్కదానికి 16.7 మిల్లీ సెకన్లు. ఇప్పుడు 59 బొమ్మలు తలా 14 మిల్లీ సెకన్లలో చకచకా వచ్చేసి, మిగిలిన ఒక్కటి 174 మిల్లీ సెకన్లు తీసుకుందనుకోండి. మొత్తం మళ్లీ అదే వెయ్యి మిల్లీ సెకన్లు. తెర మూలన కనిపించే ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) అంకె రెండు సందర్భాల్లోనూ 60 అనే చూపిస్తుంది. మొదటిది నీళ్లలా సాగుతుంది. రెండోదానిలో సెకనులో ఆరో వంతు కంటే ఎక్కువసేపు ఆట చచ్చిపడి ఉంటుంది, ఆ లోపల ఎదుటివాడు మిమ్మల్ని కాల్చేస్తాడు. లండన్ బస్సుల విషయంలో ఈ తేడాను రవాణా శాఖ ఎప్పుడో గుర్తించింది. గంటకు ఆరు బస్సులు పది నిమిషాలకొకటిగా వస్తే స్టాపులో సగటున 5 నిమిషాలు నిలబడతాం. అవే ఆరు బస్సులు ఇరవై నిమిషాలకు రెండేసి చొప్పున జంటగా వస్తే సగటు నిరీక్షణ 10 నిమిషాలవుతుంది. బస్సుల సంఖ్య మారలేదు. అందుకే ఎక్కువ బస్సులు తిరిగే రూట్లలో ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ సంస్థ ఎన్ని బస్సులు నడిచాయన్న లెక్కతో సరిపెట్టుకోదు, ప్రయాణికుడు ఉండాల్సిన దానికంటే ఎంత అదనంగా వేచి ఉన్నాడో కొలుస్తుంది. కంప్యూటర్ ఆటల లోకం ఈ తెలివికి రావడానికి 2011 దాకా పట్టింది. ఆ ఏడాది స్కాట్ వాసన్ అనే అమెరికన్ సమీక్షకుడు సెకనుకు ఎన్ని ఫ్రేములన్న అంకెను పక్కనపెట్టి, ఒక్కొక్క ఫ్రేముకు ఎంతసేపు పట్టిందో గ్రాఫు గీసి చూపించాడు. సగటులో సమానంగా కనిపించిన కార్డుల మధ్య ఆ గ్రాఫులో తేడాలు బయటపడ్డాయి. రెండేళ్లకు, కార్డులు తయారుచేసే ఏఎండీ సంస్థ ఫ్రేముల మధ్య ఎడాన్ని సమం చేసే డ్రైవర్‌ను, అంటే కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌ను, విడుదల చేయాల్సి వచ్చింది.

వేగం కంటే సమత ముఖ్యమనడానికి బ్రిటన్ చరిత్రలోనే గట్టి సాక్ష్యాలున్నాయి. 1936 నవంబర్ 2న ఉత్తర లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్ నుంచి బీబీసీ క్రమబద్ధమైన టెలివిజన్ ప్రసారాలు మొదలుపెట్టింది. అక్కడ నిలదొక్కుకున్న మార్కొనీ-ఈఎంఐ పద్ధతిలో సెకనుకు 25 బొమ్మలు, ఒక్కొక్కటి రెండు సగాలుగా, అంటే సెకనుకు 50 సార్లు తెర వెలిగేది. ఇళ్లకు వచ్చే కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ అంకెను ఎంచుకున్నారు. కరెంటుతో లయ కలవకపోతే బొమ్మ మీద చారలు పాకేవి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, అక్కడి టీవీ లయా అదే. ఇప్పుడు సినిమాను తీసుకోండి. సినిమా సెకనుకు 24 బొమ్మలు. బ్రిటన్‌లో దాన్ని 25కు పెంచి ప్రసారం చేసేవారు. రెండు గంటల సినిమా దాదాపు 5 నిమిషాలు ముందే ముగిసేది, గొంతులు ఒక పిసరు కీచుగా వినిపించేవి, కదలిక మాత్రం సమంగా ఉండేది. అమెరికాలో 24ను 60లో ఇమడ్చడానికి ఒక బొమ్మను మూడు సార్లు, తర్వాతి బొమ్మను రెండు సార్లు చూపించారు. వేగం మారలేదు, లయ కుంటింది. కెమెరా మెల్లగా పక్కకు తిరిగే దృశ్యాల్లో ఆ కుంటుడు కంటికి తగిలేది. దీనికి అద్దం పట్టే ఉదాహరణ వీడియో ఆటల్లోనూ ఉంది. జపాన్‌లో 60 హెర్ట్జ్ టీవీల కోసం తయారైన సోనిక్ ది హెడ్జ్‌హాగ్ ఆట 1991లో బ్రిటన్ ఇళ్లకు చేరింది. ఇక్కడి 50 హెర్ట్జ్ టీవీ మీద అది, సంగీతంతో సహా, ఆరో వంతు నెమ్మదిగా నడిచింది. వేగమే పేరుగా అమ్ముడుపోయిన ఆట! చాలామంది పిల్లలకు ఆ సంగతి పెద్దయ్యాక గానీ తెలియలేదు. అంతా సమంగా నెమ్మదించింది కాబట్టి కంటికి తప్పు దొరకలేదు.

ఇంతకీ మనిషి కన్ను సెకనుకు 24 బొమ్మలకు మించి చూడలేదు కదా, ఈ గోలంతా ఎందుకని కొందరి ఆక్షేపణ. 24 అన్నది కంటి హద్దు కాదు, సినిమా వాళ్లు ధ్వని వచ్చిన కొత్తలో ఖర్చుకూ నాణ్యతకూ మధ్య కుదుర్చుకున్న రాజీ. సినిమా హాల్లోనూ ఫిల్మ్ ప్రొజెక్టర్ రెక్క ఒక్కొక్క బొమ్మను రెండు మూడు సార్లు వెలిగించేది, లేకపోతే తెర మిణుకుమిణుకుమనేది. పైగా కన్ను కెమెరా కాదు. కదులుతున్న వస్తువు తర్వాత ఎక్కడ ఉంటుందో అది ముందే ఊహించి అటు జరుగుతుంది. సమంగా సాగే కదలికలో ఆ ఊహ నిజమవుతూ పోతుంది. ఒక ఫ్రేము ఆలస్యమైతే కన్ను ఒకచోట, వస్తువు మరొకచోట. ఆటలో దీనికి చేయి కూడా తోడవుతుంది. మౌస్ కదిపినప్పుడు తెర బదులు పలకకపోతే, చూసేవాడికి కనిపించని తడబాటు ఆడేవాడికి తెలుస్తుంది. పక్కన కూర్చున్న తండ్రికి 'బాగానే ఉందిగా' అనిపించే ఆట కొడుకును విసిగించేది అందుకే. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడడం లేదు.

ఒక ఫ్రేము ఎందుకు ఆలస్యమవుతుందో అర్థం కావాలంటే 1982లో కేంబ్రిడ్జ్‌లోని సింక్లెయిర్ రిసెర్చ్ విడుదల చేసిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌ను చూడటం మేలు. ఇప్పటి యంత్రాల్లో వందల పొరల కింద దాగిన సంగతి అందులో ఒంటిమీద బట్టలేకుండా కనిపిస్తుంది. డండీలోని టైమెక్స్ కర్మాగారంలో తయారైన ఆ యంత్రంలో ప్రాసెసర్ వేగం 3.5 మెగాహెర్ట్జ్. తెర సెకనుకు 50 సార్లు మారుతుంది. మార్పుకూ మార్పుకూ మధ్య ప్రాసెసర్‌కు దక్కేవి 69,888 గడియార స్పందనలు. ఆట ఆలోచించాల్సిందీ, గీయాల్సిందీ అంతా ఆ బడ్జెట్‌లోనే. చిక్కెక్కడంటే, రామ్‌లోని మొదటి 16 కేబీ భాగాన్ని ప్రాసెసరూ, తెరకు బొమ్మ పంపే చిప్పూ కలిసి వాడుకోవాలి. చిప్పు తెర గీతలు చదువుతున్న సమయంలో ప్రాసెసర్ ఆ భాగంలోకి వెళితే దాన్ని గుమ్మంలో నిలబెట్టేస్తుంది, ఒక్కోసారి ఆరు స్పందనల దాకా. అదే ప్రోగ్రామును పై భాగంలో పెడితే ఆగకుండా నడుస్తుంది. ఒకే యంత్రం, ఒకే వేగం, ఒకే ప్రోగ్రాము. అది ఏ అరలో కూర్చుందన్న దాన్నిబట్టి సమయం మారుతుంది. ఇంట్లో గదిలో కూర్చుని ఆటలు రాసిన ఆనాటి కుర్రాళ్లు అందుకే స్పందనలను వేళ్ల మీద లెక్కపెట్టుకునేవారు. బడ్జెట్‌లో ఇమడకపోతే సెకనుకు 50 బదులు 25 చాలనుకుని, ఆ 25ను మాత్రం తప్పకుండా నిలబెట్టేవారు. నేటి కంప్యూటర్ ఆ స్పెక్ట్రమ్ కంటే ఊహకందనంత వేగవంతమైంది, గుమ్మాలు మాత్రం పోలేదు, ఎక్కువయ్యాయి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మెమరీ, డిస్క్, విండోస్, డ్రైవర్, నేపథ్యంలో నడిచే పాతిక ప్రోగ్రాములు, ఇవన్నీ ఒకదాని కోసం మరొకటి నిలబడుతుంటాయి.

60 హెర్ట్జ్ మానిటర్ 16.7 మిల్లీ సెకన్లకు ఒకసారి కొత్త బొమ్మ కోసం చూస్తుంది. బొమ్మను మానిటర్ లయకు కట్టేసే వీసింక్ అనే సెట్టింగ్ పెట్టి ఉంటే 18 మిల్లీ సెకన్లలో తయారైన బొమ్మ తన రైలు తప్పిపోయి, తర్వాతి దానికోసం 33 దాకా ఆగాలి. 1.3 మిల్లీ సెకన్ల లోటు కంటికి పదహారుకు పైగా కనిపిస్తుంది. ఎన్విడియా 2013లో ప్రకటించిన జీసింక్, తర్వాత వచ్చిన ఏఎండీ ఫ్రీసింక్ ఈ రోగానికి మందు: బొమ్మ ఎప్పుడు తయారైతే అప్పుడే మానిటర్ మారుతుంది. మంచి మందే. అయితే చిన్న చిన్న ఎగుడుదిగుళ్లకే పనిచేస్తుంది, 174 మిల్లీ సెకన్ల గొయ్యిని ఏ మానిటరూ పూడ్చలేదు. అలాంటి గోతులు ఎక్కడి నుంచి వస్తాయో చూడాలి.

ఈ దశాబ్దంలో అన్నిటికంటే అపఖ్యాతి మూటగట్టుకున్న గొయ్యి షేడర్లది. గోడ మీద వెలుగు ఎలా పడాలో, నీరు ఎలా మెరవాలో లెక్కకట్టే చిన్న ప్రోగ్రామును షేడర్ అంటారు. ఒక పెద్ద ఆటలో ఇవి వేలల్లో ఉంటాయి. ప్రతి గ్రాఫిక్స్ కార్డుకూ, ప్రతి డ్రైవర్‌కూ వీటిని విడిగా ఆ చిప్పు భాషలోకి మార్చాలి. ప్లేస్టేషన్‌లో చిప్పు ఒక్కటే కాబట్టి స్టూడియోలోనే మార్చి, సిద్ధంగా పంపేస్తారు. మీ కంప్యూటర్‌లో ఏ కార్డు ఉందో వాళ్లకు తెలియదు కనుక ఆ పని మీ ఇంట్లో జరగాలి. 2015లో వచ్చిన డైరెక్ట్‌ఎక్స్ 12, ఆ మరుసటి ఏడాది వచ్చిన వల్కన్ అనే గ్రాఫిక్స్ వేదికలు ఈ మార్పిడి ఎప్పుడు జరగాలన్న బాధ్యతను చాలావరకు ఆట రాసేవాళ్ల మీద పెట్టాయి. ముందే చేసుకోవచ్చు, లేదా అవసరం పడినప్పుడు చేయవచ్చు. అవసరం పడినప్పుడు అంటే, మొదటి బాంబు పేలిన క్షణంలో అన్నమాట. 2022 ఫిబ్రవరిలో వచ్చిన 'ఎల్డెన్ రింగ్' అనే ఆట కంప్యూటర్ మీద తడబడిందని ఎంత గొడవ జరిగిందో ఆ ఆట ఆడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇంగ్లండ్‌లో రిచర్డ్ లెడ్‌బెటర్ మొదలుపెట్టిన డిజిటల్ ఫౌండ్రీ బృందం ఆట తర్వాత ఆటలో ఫ్రేము గ్రాఫు పెట్టి ఈ జాడ్యాన్ని ఎండగట్టింది. వాల్వ్ సంస్థ తన స్టీమ్ డెక్ యంత్రాలన్నిటిలో ఒకే రకం చిప్పు ఉండటాన్ని ఆసరా చేసుకుని, మార్చిన షేడర్లను ముందుగానే దింపేస్తుంది. దాంతో అంతకంటే ఎన్నో రెట్లు శక్తి ఉన్న బల్ల మీది కంప్యూటర్ తడబడే చోట చేతిలో పట్టుకునే ఆ చిన్న యంత్రం నెమ్మదిగానైనా నిలకడగా సాగిన సందర్భాలున్నాయి. నా వాదనకు ఇంతకంటే సూటి రుజువు దొరకదు. గుర్తుపట్టడమూ తేలికే: తడబడిన చోటికి వెనక్కి వెళ్లి, అదే పని మళ్లీ చేయండి. రెండోసారి సాఫీగా జరిగితే మీ కార్డుకు శక్తి ఉంది, మొదటిసారి పని సిద్ధంగా లేదు, అంతే.

ఆటకూ కార్డుకూ ఏ సంబంధమూ లేని గొయ్యి ఒకటుంది. 2021 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 11 కంప్యూటర్‌లో టీపీఎం అనే భద్రతా ఏర్పాటు ఉండి తీరాలని పట్టుబట్టింది. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్లున్నవాళ్లు అందులోనే అంతర్భాగంగా ఉన్న టీపీఎంను ఆన్ చేసుకున్నారు. కొందరి కంప్యూటర్లు అప్పటినుంచి ఉండుండి ఒక క్షణం కొయ్యబారిపోవడం మొదలైంది. ధ్వని గరగరలాడేది, మౌస్ కూడా ఆగిపోయేది. కార్డు మార్చినవాళ్లున్నారు, విండోస్ తుడిచి మళ్లీ ఎక్కించినవాళ్లున్నారు. 2022 మార్చిలో ఏఎండీయే ఒప్పుకుంది: ఆ భద్రతా ఏర్పాటు మదర్‌బోర్డు మీది ఒక చిన్న ఫ్లాష్ చిప్పుతో చేసే లావాదేవీ కొన్నిసార్లు సాగిపోతోంది, అది ముగిసేదాకా మిగతా యంత్రం స్తంభించిపోతోంది. మదర్‌బోర్డు లోపలి సాఫ్ట్‌వేర్ అయిన బయాస్‌ను నవీకరిస్తే తగ్గింది. స్పెక్ట్రమ్‌లో ప్రాసెసర్‌ను గుమ్మంలో నిలబెట్టిన చిప్పుకూ దీనికీ నలభై ఏళ్ల ఎడం ఉంది, స్వభావంలో మాత్రం తేడా లేదు. వేల పౌండ్లు పోసి కార్డు కొన్నా ఆ చిన్న చిప్పు వేగం పెరగదు.

మెమరీ చాలకపోవడం, వేడెక్కడం మామూలు సంగతులు, త్వరగా చెప్పుకుందాం. 8 జీబీ మెమరీ ఉన్న ల్యాప్‌టాప్‌లో బ్రౌజర్ తెరిచిపెట్టి ఆట మొదలుపెడితే, చాలని భాగాన్ని విండోస్ డిస్క్ మీదకు నెడుతుంది, కావలసినప్పుడు వెనక్కి తెచ్చుకుంటుంది. ఆ రాకపోకలే తడబాటు. ఆర్కమ్ నైట్ వాళ్లు 12 జీబీ అన్నది దీన్ని తప్పించడానికే. కార్డులోని మెమరీ నిండినా ఇదే కథ. టెక్స్‌చర్ల (వస్తువుల మీద పరిచే బొమ్మల) నాణ్యత ఒక మెట్టు తగ్గిస్తే తేలిపోతుంది. వేడి సంగతికొస్తే, బ్రిటన్ ఇళ్లు చలిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి, ఏసీలు అరుదు. 2022 జూలై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైన దేశం ఇది. మెత్తటి పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్‌కు గాలి ఆడక, మొదటి పావుగంట బాగా నడిచి ఆ తర్వాత వేగం తగ్గించుకుంటూ పెంచుకుంటూ ఊగిసలాడుతుంది. ఆట మొదట్లో బాగుండి పోనుపోను పాడైతే ముందు తాకి చూడాల్సింది అడుగు భాగాన్ని.

ఆన్‌లైన్ ఆటల్లో తడబాటుకు ఇంటర్నెట్ కారణమైతే దాని రూపమే వేరు. తెర సాఫీగా కదులుతుంటుంది, మనుషులు మాత్రం ఒకచోట మాయమై మరోచోట తేలతారు. ఒంటరిగా ఆడే సాధన మోడ్‌లోకి వెళ్లి చూస్తే రెండు నిమిషాల్లో తేలే విషయానికి కొందరు కార్డులు మారుస్తారు, రోగం ఒకటైతే మందు మరొకటి. ఇక్కడా సగటు మనల్ని మోసం చేస్తుంది. బ్రిటన్‌లో ఇంటర్నెట్ అందించే వర్జిన్ మీడియా ఇళ్లకు ఇచ్చిన హబ్ 3 రౌటర్‌లో ఇంటెల్ తయారుచేసిన ప్యూమా 6 అనే చిప్పు ఉండేది. ఆ చిప్పున్న మోడెముల్లో కొన్ని డేటా ప్యాకెట్లు ఉన్నట్టుండి చాలా ఆలస్యంగా వస్తున్నాయని 2016 చివర్లో బయటపడింది. వేగం పరీక్షలో అంకె నిక్షేపంగా ఉండేది, ఎందుకంటే అది సెకన్ల తరబడి వచ్చిన డేటాను కూడి భాగిస్తుంది. సినిమా చూసేవాళ్లకు ఏమీ తెలిసేది కాదు, ముందే కొంత దాచుకుంటారు గనుక. ఆడేవాళ్లకే తెలిసింది. దాన్ని సరిదిద్దడానికి రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను మార్చాల్సి వచ్చింది. ఏ రౌటర్‌లోనైనా ఇంట్లో ఒకరు ఫోన్‌లోని పెళ్లి వీడియోలు పైకి ఎక్కిస్తుంటే, ఆట ప్యాకెట్లు ఆ వరుస వెనక నిలబడతాయి. నెలకు ఇంకో పది పౌండ్లు కట్టి పెద్ద ప్లాన్ తీసుకునే ముందు, ఆ వరుసను క్రమబద్ధం చేసే సదుపాయం రౌటర్‌లో ఉందేమో చూడటం, వైఫై వదిలి ఒక కేబుల్ లాగి చూడటం మంచిది.

ఇన్ని చెప్పినా, కొత్త కార్డు కొన్నాక నిజంగానే తడబాటు పోయిందనేవాళ్లున్నారు కదా అంటారు. ఉన్నారు. గ్రాఫులో ప్రతి ఫ్రేమూ 35, 40 మిల్లీ సెకన్లు తీసుకుంటుంటే అది శక్తి చాలకపోవడమే, కార్డు కొనడం సరైన పనే. పాత హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి మారితే నగరాల్లో పరుగెత్తే ఆటలు నిజంగా కుదుటపడతాయి. నేను కొనవద్దనడం లేదు, గ్రాఫు చూడకుండా కొనవద్దంటున్నాను. గ్రాఫులూ అవీ మామూలు వాళ్లకు ఎలా అర్థమవుతాయన్నది మరో ఆక్షేపణ. ఇంటెల్ ప్రెజెంట్‌మాన్‌ను, అలాంటివే మరికొన్నిటిని ఉచితంగా దింపుకోవచ్చు. అందులో ఒక గీత ఉంటుంది. గీత బల్లపరుపుగా ఉంటే మంచిది, పైకి ముల్లులా లేస్తే అది తడబాటు. ముళ్లు లెక్కపెట్టినట్టు సమాన వ్యవధిలో లేస్తుంటే నేపథ్యంలో ఏదో ప్రోగ్రాము గడియారం ప్రకారం నిద్రలేస్తోందని అనుమానించాలి. కొత్త చోటికి వెళ్లినప్పుడే లేస్తే షేడర్లు గానీ డిస్క్ గానీ కారణం. గంట తర్వాత మొదలైతే వేడో మెమరీయో. రోజూ టమాటా ధరలు పోల్చి చూసే గృహిణికి ఇంతకంటే కష్టమైన లెక్కలు అలవాటే.

గీత చదవడం తేలిక, మార్పుల ఫలితాన్ని తేల్చడమే కష్టం. వీడియోల్లో కనిపించే చిట్కాల్లో సగం ఎందుకు పనిచేసినట్టు కనిపిస్తాయో, దానికి జవాబు ఇక్కడే ఉంది. ఆట ఆడారు, తడబడింది. విండోస్‌లో ఏదో సెట్టింగ్ మార్చారు, మళ్లీ అదే ఘట్టం ఆడారు, తడబాటు తగ్గింది. సెట్టింగ్ మహిమ అనుకున్నారు. నిజానికి మొదటిసారి ఆడినప్పుడే షేడర్లు తయారై డిస్క్‌లో నిలవ ఉన్నాయి, రెండోసారి ఏమీ మార్చకపోయినా తగ్గేది. డ్రైవర్ కొత్తది వేస్తే ఆ నిలవ చెల్లకుండా పోతుంది, ఒక పూట తడబాటు తిరిగి వస్తుంది, తప్పు కొత్త డ్రైవర్ మీద పడుతుంది. పొగిడిందీ తిట్టిందీ రెండూ తప్పే. హార్ట్‌ఫర్డ్‌షైర్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1919 నుంచి 1933 దాకా పనిచేసిన రొనాల్డ్ ఫిషర్ సరిగ్గా ఇలాంటి భ్రమలను తొలగించడానికే ప్రయోగాల రూపకల్పన అనే శాస్త్రాన్ని నిర్మించాడు. పొలంలో ఒక మడికి ఎరువు వేసి పంట బాగుందంటే సరిపోదు, ఆ మడి ముందునుంచే సారవంతమేమో. కాబట్టి పునరావృతం చేయాలి, వరుసను చీటీ వేసి నిర్ణయించాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చు అన్న ప్రసిద్ధ నియమాన్ని మాత్రం ఆయన ఒప్పుకోలేదు. అంశాలు ఒకదానితో ఒకటి కలిసినప్పుడే కనిపించే ఫలితాలు అలా చేస్తే జారిపోతాయన్నాడు. మన విషయంలోనూ ఆయన మాటలో నిజముంది: టెక్స్‌చర్లు ఎక్కువ పెట్టినా ఏమీ కాదు, వెనక బ్రౌజర్ తెరిచినా ఏమీ కాదు, రెండూ కలిస్తే మెమరీ పొంగిపోతుంది. అయినా ఇంట్లో వాడుకునేవాడికి ఒక్కొక్కటే మార్చమని నేను చెబుతాను. వంద మడుల పొలం మనకు లేదు. ఒకటి మార్చి, వేడెక్కిన యంత్రం మీద అదే ఘట్టం మూడుసార్లు ఆడి, పాత స్థితికి తిరిగి వచ్చి మళ్లీ ఆడి చూస్తే చాలావరకు తేలుతుంది. తిరిగి రావడమన్న ఆ చివరి మెట్టు దాదాపు ఎవరూ ఎక్కరు.

అనుమానం తీరకపోతే ఫిషర్ టీ ప్రయోగం చేయవచ్చు. పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా రుచి చూసి చెప్పగలనన్న ఒక సహోద్యోగి మాటను పరీక్షించడానికి ఆయన ఎనిమిది కప్పులు, నాలుగు అలా నాలుగు ఇలా, వరుస తెలియకుండా ఇచ్చే పద్ధతిని వివరించాడు. ఊరికే ఊహిస్తే అన్నీ సరిగ్గా తగిలే అవకాశం 70లో ఒకటి. ఆ చిట్కా సెట్టింగ్‌ను మీ చెల్లెలి చేత, మీరు చూడకుండా, నాలుగుసార్లు ఆన్ చేయించి నాలుగుసార్లు ఆఫ్ చేయించండి. ఏది ఏదో చెప్పలేకపోతే ఆ సెట్టింగ్‌ను మర్చిపోవచ్చు.

ఇదంతా కొనుగోలుదారుడు ఎందుకు చేయాలి, డబ్బు తీసుకున్నవాడిది కాదా బాధ్యత అన్నది చివరి ఆక్షేపణ, అందులో న్యాయం ఉంది. షేడర్లను ముందే తయారుచేయించడం, మెమరీని అదుపులో ఉంచడం తయారీదారుల పని. ఆర్కమ్ నైట్ విడుదలకు మూడు వారాల ముందు, 2015 జూన్ 2న, వాల్వ్ సంస్థ నడిపే ఆన్‌లైన్ ఆటల అంగడి స్టీమ్, ఆట కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే వాపసు ఇచ్చే పద్ధతి తెచ్చింది. ఆ ఆట విషయంలో ప్రచురణకర్తలు అంత త్వరగా దిగిరావడంలో దాని చలవ కొంత ఉందని నా నమ్మకం. అదే ఏడాది అక్టోబర్ 1న అమల్లోకి వచ్చిన బ్రిటన్ వినియోగదారుల హక్కుల చట్టం డబ్బుపెట్టి కొన్న డిజిటల్ సరుకు కూడా సంతృప్తికరమైన నాణ్యతతో ఉండాలంటుంది. లేకపోతే ముందు మరమ్మతు, అది కుదరకపోతే ధరలో తగ్గింపు, అవసరమైతే మొత్తం ధర. ల్యాప్‌టాప్ లాంటి వస్తువు లోపంతో వస్తే 30 రోజుల్లోపు తిరస్కరించి డబ్బు అడిగే హక్కు ఉంది. అయితే లోపం సరుకులోనే ఉందని ఆ గడువులో చూపించాల్సింది కొన్నవాళ్లే. 'స్లోగా ఉంది' అని చెప్పుకుంటే కౌంటర్ వెనకున్నవాడు ఎఫ్‌పీఎస్ అంకె చూపించి పంపేస్తాడు. కొత్త యంత్రం ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే ఒక ఆటను గంటసేపు నడిపించి, ఫ్రేము గ్రాఫును తేదీతో సహా దాచిపెట్టుకోండి. లోపం కనబడితే ఆ గ్రాఫు జతచేసి, ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా, 30 రోజులు దాటకముందే అడగండి.